ముగ్గురు మెలితోన్ విల్కాలు

ఏకగ్రీవం అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు మా తొరాపాంపా హైస్కూల్ చివరి తరగతిలో ఇరవై నాలుగు మంది. మా దేశంలో ప్రతి బ్యాచ్ బడి వదిలి వెళ్ళేటప్పుడు ఒక గొప్పవాడి పేరు పెట్టుకుంటుంది. ఆయన బతికుంటే పిలిచి బ్యాచ్‌కి జ్ఞానతండ్రిని చేసుకుంటుంది. ఆయన వచ్చి పిల్లల మెడలో రిబ్బన్లు వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, గొర్రె మాంసం తిని వెళ్తాడు. ఆ పేరు దగ్గర ఏటా జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళు. ఈసారి మాత్రం చీటీలు విప్పితే ఇరవై నాలుగింటిలోనూ ఒకటే పేరు, మెలితోన్ విల్కా. క్లాస్ టీచర్ని నేనే. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఇంత ఐకమత్యం చూడలేదని మురిసిపోయి అందరికీ తీపి రొట్టెలు కొనిపెట్టాను.

ఆ పేరుగలవాళ్ళు ముగ్గురున్నారని నాకు తెలియక కాదు. మా లోయలో బిడ్డ పుట్టిన రోజు క్యాలెండర్‌లో ఏ పునీతుడుంటే ఆ పేరే పెడతారు. ఇంటిపేరేమో సగం మందికి విల్కాయే. అయినా చీటీలు చదువుతున్నంతసేపూ నా మనసులో ఉన్నది ఒక్కడే, చరాంగో వాయించే మెలితోన్ విల్కా. టీచర్ ట్రైనింగ్‌లో ఉన్న రోజుల్లో రేడియోలో ఆయన వాయిద్యం వస్తే మెస్‌లో చెంచాల చప్పుడు కూడా ఆగిపోయేది. ఆ మూరెడు వాద్యంలో పది తీగలుంటాయి గానీ ఆయన వాయిస్తే వంద ఉన్నట్టు వినిపించేది.

బ్యాచ్ టోపీల మీద పేరు కుట్టించాక బయటపడింది అసలు సంగతి. తొమ్మిది మంది రాసింది గోల్‌కీపర్ మెలితోన్ విల్కాని. ఎనిమిది మంది రాసింది మా చరాంగో ఆయన్ని. లాయర్లు కావాలని కలలు కంటున్న ఏడుగురు రాసింది జడ్జి మెలితోన్ విల్కాని. ఎవరికి వాళ్ళు తమ మెలితోన్‌కి ఉత్తరం రాసేశారు. ముగ్గురూ వస్తున్నామని జవాబిచ్చేశారు.

"పిలిచిన పెద్దమనిషికి మీరు కాదండీ, ఇంకో మెలితోన్ అని ఎవరు రాస్తారమ్మా? ముగ్గుర్నీ రప్పించు" అని మా హెడ్మాస్టర్ చేతులు దులుపుకున్నాడు. నేను మినీబస్సు మాట్లాడుకుని ఒరూరో బస్టాండుకి వెళ్ళాను. అట్టముక్క మీద పేరు రాసి పట్టుకుంటే ముగ్గురు మగవాళ్ళు ఒకేసారి నా వైపు నడిచొచ్చారు.

మా దగ్గర ఒకే పేరున్నవాళ్ళు కలిస్తే "తొకాయో" అని పిలుచుకుంటారు. వరసలు కలిపినట్టే. గోల్‌కీపర్ అరవై దాటిన మనిషి, పెద్ద పొట్ట, అరిగిపోయిన మోకాళ్ళు. "తొకాయో! తొకాయో!" అంటూ ఇద్దర్నీ వాటేసుకున్నాడు. జడ్జి సన్నగా, నల్ల బూట్లతో, బ్రీఫ్‌కేసుతో, మాట మెత్తగా ఉన్నాడు. మా చరాంగో ఆయన వాద్యం పెట్టె ఎడమ భుజానికి తగిలించుకుని, కుడిచెయ్యి కోటు జేబులోంచి తియ్యకుండా చిన్నగా నవ్వాడు. ఇద్దరూ ముందుకు చాపిన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. చలికేమో అనుకున్నాను.

మధ్యాహ్నం పన్నెండింటికి కోల్పాయా వంతెన దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకి అడ్డంగా బండరాళ్ళు. వాటి మీద టోపీలు పెట్టుకుని ఆడవాళ్ళు ఉన్ని వడుకుతూ కూర్చున్నారు. రాస్తారోకో. మాకిది కొత్తేం కాదు, మాట్లాడితే వదులుతారు. డ్రైవర్ "నేను మాట్లాడొస్తా" అని తాళంచెవి జేబులో వేసుకుని దిగాడు. ఆ దిగడం దిగడం మళ్ళీ కనిపించలేదు. వెనక్కి చూస్తే మేమొచ్చిన దారిలో కూడా రాళ్ళు దొర్లించారు.

ఆ ఊరి కోపం న్యాయమైనదే. వాళ్ళ ఊటనీళ్ళు కొండమీది గనికి మళ్ళిస్తూ కోర్టు ఉత్తర్వు వచ్చింది. ఫాస్తినో అనే ఆయన ఆ గొట్టం కోసేశాడు. అదే కోర్టు ఇచ్చిన ఇంకో కాగితంతో ఆయన్ని జైల్లో వేశారు. ఇప్పుడు రాళ్ళ మీద అందరికంటే ముందు కూర్చున్నది ఆయన భార్య తిబూర్సియా. అడ్డం నిలువూ ఒకేలా ఉండే మనిషి. నోరు తెరిస్తే కొండ అవతలికి వినపడుతుంది.

సామాన్లు బస్సులోనే ఉంచి దిగాం. "కార్డులు చూపియ్యండి" అంది ఆమె. ఒక ముసలాయన కళ్ళజోడు సరిచేసుకుని మొదటి కార్డు చదివాడు. "మెలితోన్ విల్కా."

వడుకుతున్న చేతులన్నీ ఆగాయి. తిబూర్సియా రాయి మీంచి దిగింది. "ఆ కాయితం మీద సంతకం చేసినోడి పేరు ఇదే."

ముసలాయన రెండో కార్డు చదివాడు. "మెలితోన్ విల్కా." మూడోది చదవకుండానే నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఇదీ అంతే, అక్కా!"

"ఏందయ్యా ఇది, ఒక్క జడ్జిని పంపమంటే ముగ్గుర్ని పంపినారు? గవర్నమెంటుకి మా మీద ఇంత ప్రేమా?" అంది తిబూర్సియా. నవ్వులు లేచి వెంటనే ఆరిపోయాయి. కార్డుల్లో వృత్తి దగ్గర ముగ్గురికీ 'ఉద్యోగి' అనే ఉంది. జడ్జిని ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. చరాంగో ఆయన్ని రేడియోలో విన్నవాళ్ళే గానీ మొహం ఎరిగినవాళ్ళు లేరు, క్యాసెట్ అట్టమీద ఎప్పుడూ కొండ బొమ్మే ఉండేది.

"టీచరమ్మా, నువ్వు చెప్పు. వీళ్ళలో జడ్జి ఎవడు?"

"ముగ్గురూ మా బడి అతిథులు. నేను ఎవర్నీ అప్పజెప్పను" అన్నాను.

"అప్పజెప్పకు. జడ్జి ఇక్కడుంటాడు, మా ఆయన బయటికొచ్చేదాకా. మిగతావాళ్ళు నడిచి వంతెన దాటొచ్చు. జడ్జి ఎవడో తేలకపోతే నలుగురూ ఉంటారు. దుంపలున్నయి, తొందరేం లేదు."

రేపు మధ్యాహ్నం పిల్లల ఫంక్షన్. ముందు రాళ్ళు, వెనక రాళ్ళు, కింద ఏరు. నాకు ఏడుపొచ్చింది.

గోల్‌కీపర్ కోటు విప్పి నా చేతిలో పెట్టాడు. "ఇంత చర్చెందుకమ్మా? రెండు రాళ్ళు పెట్టండి, బంతి తెండి. అయిదు కొట్టండి. మూడు ఆపకపోతే నేనే జడ్జిని, కట్టెయ్యండి!" అన్నాడు. ఊరి కుర్రాళ్ళు బంతి తెచ్చారు. మొదటిది ఆయన పొట్టకి తగిలి ఆగింది, అందరూ నవ్వారు. రెండోదానికి ఆ ముసలి ఒళ్ళు పక్కకి ఎగిరి దుమ్ములో పడింది, ఎవరూ నవ్వలేదు. నాలుగు ఆపాడు. అయిదోదానికి మోకాళ్ళు లేవలేదు. గోల్ వేసినవాడే ఆయన్ని భుజాన వేసుకున్నాడు. అరుపులతో, కేకలతో వంతెన అవతలికి మోసుకెళ్ళిపోయారు.

ఇద్దరు మిగిలారు. తిబూర్సియా బస్సులోంచి వాద్యం పెట్టె తెప్పించి, విప్పించి చరాంగోని ఇద్దరి మధ్యా దుప్పటి మీద పెట్టింది. "ఇది వాయించేవాడు దాటతాడు. మిగిలినోడు నా చుట్టం."

తీసుకోండి అని నేను మనసులో మొత్తుకుంటున్నాను. ఒక్క నిమిషం వాయిస్తే చాలు, ఈ కొండలన్నీ చెబుతాయి మీరెవరో. ఆయన కదల్లేదు. చరాంగో వంక చూశాడు, తర్వాత తన బూట్ల వంక చూశాడు. జేబులోంచి చెయ్యి రాలేదు.

అప్పుడు జడ్జి వంగి చరాంగో అందుకున్నాడు.

మా లోయలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జాతర పాట ఒకటి మూడు మెట్ల మీద లాగగలడు. ఆయనా అదే లాగాడు. రెండుచోట్ల తప్పాడు. కానీ వాయించాడు. జనం తలలూపారు. "మన రేడియో ఆయన ముసలోడైపోయాడు పాపం" అంది ఒకామె.

"అబద్ధం!" అని అరవడానికి లేవబోయాను. నా శాలువా కొంగు ఎవరో గట్టిగా లాగారు. చరాంగో ఆయన. తల అడ్డంగా ఊపాడు.

వీడ్కోలు చెప్పుకోమని తిబూర్సియా పది నిమిషాలిచ్చింది. నేనాయన్ని బస్సులోకి లాక్కెళ్ళి తలుపేశాను. "మీకేమైనా మతి పోయిందా?"

ఆయన ఎడమచేత్తో కుడిచేతిని జేబులోంచి బయటికి తీశాడు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, వేరేవాళ్ళ వస్తువు పెట్టుకున్నట్టు. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

"మార్చిలో వచ్చింది టీచరమ్మా. పొద్దున లేచేసరికి ఇలా."

"ఎవరికీ చెప్పలేదా?"

"మా ఆవిడకి తెలుసు. ఇప్పుడు నీకు."

"మరి చరాంగో ఎందుకు మోసుకొచ్చారు?"

"అది లేకుండా వస్తే ఏమైందని అడగరా? రిబ్బన్లు వెయ్యడమేగా, ఎడమచేత్తో వేసేద్దామనుకున్నా."

"ఆ పిరికివాడు మీ పేరు ఎత్తుకుపోతున్నాడు!"

"పేరు ఆయనదీ అదేగా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "చెయ్యి పడిపోయినా జడ్జి జడ్జే. చెయ్యి పడిపోయిన చరాంగోవాణ్ణి ఏమంటారు? నన్నిక్కడ వదిలెయ్. ఈ సంగతి ఎవరికీ చెప్పనని నాకు మాటివ్వు."

ఇచ్చాను. జడ్జిని పట్టిస్తే, మరి ఈయన ఎందుకు వాయించలేదని అడుగుతారు. పట్టివ్వకపోతే ఈయన ఇక్కడే. ఎటు తిరిగినా గోడే.

జడ్జి బ్రీఫ్‌కేసు నా శాలువా కింద దాచుకుని వంతెన దాటుతుంటే వెనక్కి చూశాను. తన చరాంగో ఇంకొకడి భుజం మీద వెళ్ళిపోతుంటే ఆయన రాయి మీద కూర్చుని చూస్తున్నాడు. అవతల సంగతి విని హెడ్మాస్టర్ పంపిన లారీ ఉంది. గోల్‌కీపర్ మోకాళ్ళకి తడిగుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. జడ్జి భుజం వంక చూసి, "అదేంటి తొకాయో, అది నీ దగ్గరెందుకుంది?" అన్నాడు. జడ్జి పెట్టెని అవతలి భుజానికి మార్చుకున్నాడు. "అడక్కండి, మీకు పుణ్యముంటుంది" అన్నాను నేను. గోల్‌కీపర్ నా మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు, తుపుక్కున బయటికి ఉమ్మి దారంతా ఇంకో మాట లేకుండా కూర్చున్నాడు.

మాకంటే ముందే రేడియో తొరాపాంపా చేరింది. జడ్జి మెలితోన్ విల్కా కోల్పాయాలో బందీ అని, ఫాస్తినోని వదిలితేనే జడ్జిని వదులుతారని గంట గంటకీ చెబుతోంది. లారీ దిగీ దిగగానే చరాంగో ఆయన్ని కోరుకున్న ఆ ఎనిమిది మందీ జడ్జిని చుట్టుకున్నారు. "మేస్త్రో! బతికి బయటపడ్డారు! ఒక్క పాట, మేస్త్రో!" పెద్ద విద్వాంసుల్ని మా దగ్గర అలాగే పిలుస్తారు. ఒకమ్మాయి ఆయన చెయ్యి కళ్ళకద్దుకుంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "అలసిపోయానమ్మా, రేపు" అన్నాడు. "రేపు మైకులో!" అని పిల్లలు ఎగిరారు.

పాపం అనిపించాల్సింది. నాకు మాత్రం ఆ ఎగురుడు చూశాకే దారి కనిపించింది.

ఆయన్ని క్లాసురూములోకి తీసుకెళ్ళి తలుపేశాను. చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"రేపు మూడొందల మంది ముందు మైకు మీ ముందు పెడతాను. వాళ్ళకి ఆ పాటలు నిద్రలో కూడా వచ్చు. ఒక్క తీగ తప్పినా పట్టేస్తారు."

"నువ్వు చెప్పేస్తావా నేనెవరో?"

"నేనెందుకు చెబుతాను? మీరే వాయించి చెబుతారు."

"ఏం కావాలి నీకు?"

"ఫాస్తినోని వదలమని రాసి సంతకం పెట్టండి. ముద్ర బ్రీఫ్‌కేసులో ఉంటుందిగా."

"బెదిరించి రాయించుకున్న ఉత్తర్వు చెల్లదు టీచరమ్మా."

"చెల్లదని ఎవరు చెప్పాలి? మీరే చెప్పాలి. బందీగా ఉండి రాశానంటే కాదనడానికి మేమున్నాం. కోర్టులో నిలబడి, ఆ రోజు బందీగా ఉన్నది నేను కాదు, పక్కవాడి చరాంగో భుజానేసుకుని పారిపోయాను అని చెప్పాలి. చెప్పగలరా?"

నేను ఇంత మాట అనగలనని నాకే తెలియదు. ఆయన తల పట్టుకున్నాడు. "ఆ ఉత్తర్వు నేను ఆలోచించి రాసింది కాదు. నా ముందు పెట్టారు. నాకూ పైవాళ్ళున్నారు. పెట్టను అనలేకపోయాను."

"అలాగే ఇదీ మీ ముందు పెట్టాననుకోండి" అని తెల్లకాగితం జరిపాను.

రాశాడు. సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. ఆ ముద్ర చప్పుడుకి నాకు కొంచెం జాలేసింది, ఎక్కువ కాదు. ఫంక్షన్‌కి ఆగనని, తెల్లారకుండానే వెనక కొండదారిన వెళ్ళిపోతానని అన్నాడు. వెళ్ళిపోయాడు. చరాంగో బెంచీ మీదే వదిలేశాడు. ఆ తర్వాత ఏ కోర్టులోనూ ఎవరూ నోరు మెదపలేదు. ఫాస్తినో సోమవారం బయటికొచ్చాడు.

ఫంక్షన్ రోజు పొద్దున్నే లారీ పట్టుకుని కోల్పాయా వెళ్ళాను. రాత్రంతా కంటిమీద కునుకు లేదు. ఆయన్ని ఏం చేసుంటారో, చలికి ఏమైపోయాడో అని దారంతా పునీతులందరికీ మొక్కుకున్నాను. తీరా వెళ్తే ఆయన ఆడవాళ్ళ మధ్య తిండి పరిచిన రంగుల గుడ్డ ముందు కూర్చుని, అందరితోపాటు ఎడమచేత్తో ఉడకబెట్టిన దుంపలూ జున్నూ తింటున్నాడు. ఎవరో తమ దుప్పటి ఆయన మీద కప్పారు. ఆయన ఏదో అంటే పక్కామె ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది.

తిబూర్సియా నా కాగితం తీసుకుని, పాత ఉత్తర్వు నడుంగుడ్డలోంచి తీసి, రెండూ పక్కపక్కన పెట్టించింది. ముసలాయన కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశాడు. "ఒకటే చేతిరాత, అక్కా."

తిబూర్సియా కాగితాన్ని ముద్దుపెట్టుకుంది. అంత గొంతున్న మనిషి చప్పుడు లేకుండా ఏడ్చింది. ఇద్దరు మగవాళ్ళని పిలిచి ఒరూరో జైలుకి పొమ్మంది. తర్వాత నా దగ్గరకొచ్చి, "ఈయన జడ్జి కాదని నాకు నిన్ననే తెలుసులే" అంది.

"ఎలా?"

"దుంప తొక్క తియ్యలేకపోయాడు. ఆ చేత్తో సంతకాలేం పెడతాడు?"

"తెలిసి ఎందుకు పట్టుకున్నావు మరి?" నా గొంతు లేచింది. "ముసలి మనిషిని, ఈ చలిలో!"

"మేమేడ పట్టుకున్నాం? పొద్దుగుంకక ముందే పొమ్మన్నా. ఆయనే పోనన్నాడు. నువ్వే అడుగు."

ఆయన వైపు తిరిగాను. ఒకడి మెడ మీద కత్తి పెట్టినంత పని చేసి వచ్చాను నేను, ఈయన కోసం. "పొమ్మంటే ఎందుకు వెళ్ళలేదు?"

ఆయన నోట్లో దుంప మింగి నెమ్మదిగా చెప్పాడు. "ఎనిమిది నెలలైంది టీచరమ్మా. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా, మందుల షాపుకెళ్ళినా మొదటి మాట ఒక్కటే, ఏదీ ఒక్క పాట అని. వేలు బెణికిందన్నాను. తీగ తెగిందన్నాను. జ్వరమన్నాను. చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. వీధిలోకి రావడం మానేశాను. నిన్న వీళ్ళు నన్ను దొంగన్నారు, గని వాళ్ళ కుక్కన్నారు. ఒక్కరు కూడా వాయించమనలేదు. మార్చి తర్వాత నాకు హాయిగా నిద్రపట్టింది నిన్ననే."

ఆయన పెట్టె లారీలోనే ఉంది. ఇద్దామనుకుని తెచ్చాను, ఇప్పుడు కిందికి దించడానికి చెయ్యి రాలేదు.

"పిల్లలు ఎదురుచూస్తున్నారు. వాళ్ళతో ఏం చెప్పమంటారు?" అన్నాను చివరికి.

"నేను రానంటే?"

జవాబు తిబూర్సియా ఇచ్చింది. "ఉండు సామీ, ఎన్నాళ్ళైనా ఉండు, నీకు దుంపలు తక్కువా? అయితే మా ఆయనొస్తే ఈ రాళ్ళు తీసేస్తాం. బస్సులు తిరగతయి. జనం నిన్ను చూసి ఎవరు నువ్వని అడగతరు. అప్పుడేం చెబుతవు?"

కింద ఏరు పారుతోంది. ఆయన దుప్పటి తీసి మడత పెట్టాలని చూశాడు. ఒక్క చేత్తో కాలేదు. పక్కామె అందుకోబోతే తిబూర్సియా కళ్ళతోనే ఆపింది. మూడుసార్లు జారింది. నాలుగోసారి గడ్డం కింద అదిమి పెట్టి ఎలాగో మడిచి రాయి మీద పెట్టాడు.

తర్వాత నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "మైకు దగ్గర నా పక్కన ఉంటావా? నా నోట రాకపోతే నువ్వు చెప్పాలి. మాటిచ్చావుగానీ, ఆ మాట నీకు వెనక్కిచ్చేస్తున్నాను."

"ఉంటాను" అన్నాను.

ఆయన కుడిచెయ్యి జేబులో పెట్టుకోలేదు. నేను పట్టుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. అందరూ చూస్తుండగా అలాగే పట్టుకుని వంతెన దాటించాను.